బోరు పడకపోతే దేవుడి తప్పా?

పోయిన నెల ఈ పేజీలో ఒక పాఠకుడు, యాగంటి బసవన్న పెరిగి పెరిగి కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడంటారు కదా, మీరు నమ్ముతారా అని అడిగితే, వేసినప్పుడు అందరం వింటాం లెండి అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. దాని మీద వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు ఇప్పటికీ తగ్గలేదు. సగం తిట్లే. (తిట్టినవాళ్ళలో మా పెద్దొదిన కూడా ఉంది. ఆమె ఉత్తరం దాకా ఆగలేదు, ఫోన్లోనే కానిచ్చింది.) మిగతా సగంలో మాత్రం బసవన్న ఊసే లేదు. మాకీ కష్టం ఎందుకొచ్చింది, ఇది దేవుడు చేసిందేనా, చేస్తే మమ్మల్నే ఎందుకు ఏరుకున్నాడు అని. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే కూర్చున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరివీ వేయడం లేదు.

ప్రశ్న: అయ్యా, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఆరెకరాల చెనక్కాయ చేను. మూడేళ్ళలో నాలుగు బోర్లు వేయించాను. కొబ్బరికాయతో నీళ్ళు చూసే ఆయన్ని పిలిపించి పాయింటు పెట్టించి, గంగమ్మకు పూజ చేసి కోడిని కోసి మరీ మొదలుపెట్టాను. నాలుగింటిలోనూ దుమ్మే లేచింది. గట్టు అవతల మా దాయాది ఏ పూజా లేకుండా వేస్తే రెండించుల నీళ్ళు పడ్డాయి. వాడు నాకంటే మంచోడేం కాదు. నాకు అప్పు ఐదు లక్షలు దాటింది. దేవుడికి నా మీద ఏం కోపం? – ఒక రైతు

జవాబు: అన్నా, "వాడు నాకంటే మంచోడేం కాదు" అన్న మాట దగ్గర నాకు నవ్వొచ్చింది, ఏమనుకోవద్దు. జవాబు ఆ మాటలోనే ఉంది. మనిషి మంచితనం చూసి నీళ్ళిచ్చేదైతే, మీ ఇద్దరిలో ఎవరికివ్వాలో తేల్చుకోలేక భూమి ఇంకా నానా తిప్పలు పడేది.

మీ చేని కింద ఉన్నది గ్రానైటు జాతి గట్టిరాయి. కృష్ణా గోదావరి పక్కల్లో మాదిరి ఇసుక పొరలైతే ఎక్కడ తవ్వినా ఎంతో కొంత ఊరుతుంది. మనకట్లా కాదు. పైన కొంత లోతు వరకు మెత్తబడిన రాయి, దాని కింద బండ. ఆ బండలో నెర్రెలుంటే వాటిలోనే నీళ్ళు. ఆ నెర్రెలు కూడా వంకరటింకరగా పోతాయి గాని తాడు పట్టి గీసినట్టు ఉండవు. మీ దాయాది బోరుకు నెర్రె తగిలింది, మీవి నాలుగూ దాని పక్కనుంచి దిగిపోయాయి. కొన్ని గజాల తేడా చాలు. కోడి తక్కువైందని గంగమ్మ అలగలేదు, కోడి లేకపోయినా మీ దాయాదిని మెచ్చిందీ లేదు.

కొబ్బరికాయ ఆయన సంగతి కూడా చెప్పుకుందాం. అరచేతిలో కాయ పడుకోబెట్టుకుని నడుస్తాడు, నీళ్ళున్న చోట కాయ లేచి నిలబడుతుందంటాడు. నేనూ చూశాను, మా పెదనాయన చేన్లో. కాయ నిలబడింది, అందరం చప్పట్లు కొట్టాం, బోరు మాత్రం పడలేదు. అయినా ఊళ్ళో ఆయన పేరు చెడలేదు, ఎందుకంటే పడిన బోర్ల గురించి పదేళ్ళు చెప్పుకుంటారు, పడని వాటి గురించి అప్పులిచ్చినవాడు తప్ప ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఈసారి ఆయన్ని పిలిచేవాళ్ళు ఒక పని చేయండి. ఇంతవరకు పెట్టిన పాయింట్లన్నీ, పడినవీ పడనివీ, ఒక కాగితం మీద రాసిమ్మనండి. రాసిస్తే నాకూ ఒక కాపీ పంపండి.

వానైనా సరిగ్గా పడదేం అంటారా? నైరుతి మేఘాలు మన దాకా వచ్చేలోపు పడమటి కనుమలు అడ్డం పడి నీళ్ళన్నీ అటువైపే దింపుకుంటాయి. ఈశాన్య రుతుపవనాల వాన సముద్రం ఒడ్డున దంచికొట్టి లోపలికి వచ్చేసరికి నీరసపడుతుంది. అటు చివరా ఇటు చివరా కాకుండా మధ్యలో ఇరుక్కుపోయిన జిల్లా మనది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర, అదీ ఒక నెలలో కుమ్మరించి మిగతా నెలల్లో ముఖం చాటేస్తుంది. కొండలు అక్కడ లేచింది మనుషులు పుట్టక ఎంతో ముందు. మనల్ని చూసి కోపంతో లేవలేదు.

ఇంకో మాట, ఇది మీకు రుచించకపోవచ్చు. చేంతాడుకు అందిన నీళ్ళు ఇప్పుడు వందల అడుగులు దిగినా అందడం లేదంటే, అందులో ఒకరిని చూసి ఒకరం లోతుకు పోయిన మన పందెం ఉంది. తిలా పాపం తలా పిడికెడు. దాన్ని కూడా తీసుకెళ్ళి దేవుడి ఖాతాలో వేస్తే ఎట్లా?

ఇక చేయాల్సింది. ఐదో బోరు వేయొద్దు. వేసే తీరతానంటే ముందు భూగర్భజల శాఖవాళ్ళతో రెసిస్టివిటీ సర్వే (భూమిలోకి కరెంటు పంపి కింద నీళ్ళ జాడ చూసేది) చేయించండి. అది కూడా గ్యారంటీ ఏమీ కాదు, కాకపోతే రాయి లోపలి సంగతి కొబ్బరికాయ కంటే దానికి ఎక్కువ తెలుసు. చేన్లో నీటి గుంట తవ్వించుకోండి. ఆరెకరాలూ చెనక్కాయే వేయకుండా కంది, కొర్ర, ఆముదం కొంత కలపండి. దాయాదితో మాట కలిసే దారి ఉంటే, ఒక తడికి పైపు వేసుకుని డబ్బులిస్తానని అడిగి చూడండి, బోరు ఖర్చు కంటే అదే చవక. అడగడం నామోషీ అనిపిస్తుంది, తెలుసు. చివరగా, ఆ ఐదు లక్షల అప్పు సంగతి ఇంట్లో అందరికీ చెప్పారా? మీ ఉత్తరం చూస్తే చెప్పలేదనిపించింది. ఈ రాత్రే చెప్పండి. మనసు మరీ కుంగిపోతే 14416 నంబరుకు ఫోన్ చేయండి, టెలిమానస్ వాళ్ళు, డబ్బులు అడగరు, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: మా ప్రార్థన కూటంలో ఒక పెద్దాయన, విశ్వాసముంటే షుగరు సూదులు మానేయమన్నారు. మూడు రోజులు మానేశాను. బాగా నీరసంగా ఉంది. నా విశ్వాసం చాలదా? – ఒక సోదరి, జమ్మలమడుగు

జవాబు: ఉత్తరం అందిన రోజే ఆఫీసు నుంచి మీకు ఫోన్ చేయించాం, మళ్ళీ సూదులు మొదలుపెట్టానన్నారు, సంతోషం. మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను. ఇన్సులిన్ సూది మొదటిసారి ఒక మనిషికి పొడిచింది 1922 జనవరిలో, కెనడాలో, ఒక పద్నాలుగేళ్ళ పిల్లాడికి. అంతకు ముందు ఆ రకం షుగరు వచ్చిన పిల్లలు చిక్కి శల్యమై పోయేవాళ్ళు. వాళ్ళ తల్లులు ప్రార్థించలేదంటారా? మీ కూటం పెద్దాయన బైబిలు చదివేటప్పుడు కళ్ళజోడు పెట్టుకుంటారేమో గమనించండి. పెట్టుకుంటే, అది ఎందుకో అడగండి.

ప్రశ్న: సార్, నన్ను మా మేనమామకే ఇచ్చి చేశారు. పాపకు మూడేళ్ళు నిండబోతున్నాయి, పుట్టినప్పటి నుంచీ వినపడదు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు కోశానని మా అత్త (ఆమె నాకు అమ్మమ్మే) ఇప్పటికీ దెప్పుతుంది. మా అమ్మేమో పోయిన జన్మ పాపం అంటుంది. శ్రీకాళహస్తిలో పూజ చేయించాం. ఇప్పుడు ఇంకెక్కడో ఇంకో పూజ అంటున్నారు. నేనేం పాపం చేశాను? – ప్రొద్దుటూరు

జవాబు: ఏ పాపం చేయలేదు తల్లీ. ముందు ఆ వంకాయల సంగతి తేలుద్దాం. గ్రహణం మన ప్రొద్దుటూరుకు మాత్రమే పట్టదు, దేశమంతా పడుతుంది. ఆ పూట దేశంలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళు లక్షల్లో ఉంటారు. వాళ్ళలో కూలికి పోయినవాళ్ళు, బీడీలు చుట్టినవాళ్ళు, హోటళ్ళలో ఉల్లిగడ్డలు కోసినవాళ్ళు, ఆఫీసుల్లో కత్తెర పట్టుకున్నవాళ్ళు ఎంతమంది? గ్రహణానికి అంత శక్తే ఉంటే మర్నాడు ఆసుపత్రులు పట్టవు. పెదవి చీలి పుట్టిన పిల్లల్ని మనం గ్రహణం మొర్రి అంటాం, పేరు పెట్టి పెట్టి దాన్ని నిజం చేసేశాం.

పుట్టు చెవుడుకు కారణాలు చాలా ఉంటాయి. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి రుబెల్లా లాంటి జబ్బు సోకడం, నెలలు నిండకుండా కాన్పు కావడం, పుట్టిన తొలి రోజుల్లో పచ్చకామెర్లు ముదరడం, ఇలాంటివి కొన్ని. చాలామందికి వంశం నుంచి వస్తుంది. మనలో ప్రతి ఒక్కరి జన్యువుల్లో ఏవో కొన్ని లోపాలు దాగి ఉంటాయి, జోడీలో రెండోది బాగుంటే బయటపడవు. తల్లికీ తండ్రికీ ఒకే లోపం ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డకు అది బయటపడడానికి. మేనబావ మరదళ్ళకు జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడి, మేనమామకూ మేనకోడలికీ నాలుగో వంతు. అందుకే ఈ పెళ్ళిళ్ళలో ప్రమాదం కొంచెం ఎక్కువ. కొంచెమే, ఎందుకంటే మేనరికాల్లో ఎక్కువమంది పిల్లలు ఏ లోపం లేకుండానే పుడుతున్నారు, మనందరి ఇళ్ళలో చూస్తున్నదే. మీ పాప విషయంలో కారణం ఇదేనని చూడకుండా నేను చెప్పలేను. ఇదే అయినా, ఆ పెళ్ళి కుదిర్చింది మీరు కాదు కదా. పొలం బయటికి పోకూడదనో, పిల్ల కళ్ళ ముందే ఉంటుందనో పెద్దవాళ్ళు చేసి ఉంటారు. తమాషా చూడండి, పెళ్ళి కుదిర్చినవాళ్ళే ఇప్పుడు పాపం ఎవరిదో లెక్కలు తేలుస్తున్నారు.

పై ఉత్తరం రాసిన జమ్మలమడుగు సోదరికి తెలిసే ఉంటుంది, బైబిల్లో యోహాను సువార్తలో ఇదే ప్రశ్న వస్తుంది. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు, పాపం చేసింది వీడా, వీడిని కన్నవాళ్ళా అని అడుగుతారు. ఏసు ఇద్దరూ కాదంటాడు. ఆ తర్వాత ఆయన చెప్పిన కారణం నాకు పూర్తిగా మింగుడు పడదు గానీ, ఆ "కాదు" మాత్రం ఎంత అవసరమో మీ ఉత్తరం చదివాక తెలిసింది.

ఇప్పుడు అసలు పని. రెండో పూజకు దాచిన డబ్బు, అంతకంటే ముఖ్యంగా ఆ రోజులు, వృథా చేయకండి. కర్నూలుకో కడపకో వెళ్ళి పెద్ద ప్రభుత్వాసుపత్రిలో చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించి, చెవి ఎంతవరకు వింటుందో చూసే బేరా టెస్ట్ చేయించండి. వినికిడి మిషను చాలితే మిషను, చాలకపోతే చెవి లోపల పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్. అది ఆరోగ్యశ్రీ అని మనం పిలిచే పథకంలో ఉంది (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు), కానీ వయసు పరిమితి ఉంటుంది. మాట నేర్చుకునే వయసు దాటితే ఆపరేషన్ చేసినా ఫలితం తగ్గిపోతుంది. మూడేళ్ళు నిండబోతున్నాయన్నారు. ఈ వారమే వెళ్ళండి. రెండో బిడ్డ ఆలోచన ఉంటే అక్కడే ఆ విషయం కూడా అడగండి. అమ్మమ్మ అడిగితే, వంకాయల సార్ చెప్పాడు అనండి.

ప్రశ్న: పోయిన శ్రావణంలో మంత్రాలయం వెళ్ళి ఆటోలో వస్తుంటే లారీ గుద్దింది. నేనూ మా ఆవిడా గీతలతో బయటపడ్డాం. మా ఎదురుగా కూర్చున్న చిన్నామె, ముప్పై ఏళ్ళుంటాయేమో, అక్కడికక్కడే పోయింది. ఒళ్ళో పరిమళ ప్రసాదం పొట్లం అట్లాగే ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ స్వామే మిమ్మల్ని కాపాడాడు అంటున్నారు. ఆ మాట వింటే నాకు అన్నం సయించడం లేదు. ఆమెను ఎందుకు కాపాడలేదు? కర్మ అనుకుని సరిపెట్టుకోవాలా? – రిటైర్డ్ టీచరు, కర్నూలు

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఈ నెల వచ్చినవాటిలో దీనికే నా దగ్గర సరైన జవాబు లేదు.

మీ ప్రశ్న పాతదే. బ్రహ్మసూత్రాల్లోనే ఉంది, రెండో అధ్యాయం మొదటి పాదంలో. లోకంలో ఒకడు సుఖపడుతున్నాడు, ఒకడు ఏడుస్తున్నాడు, ఇదంతా దేవుడు చేసిందైతే ఆయనకు పక్షపాతమైనా ఉండాలి, దయ లేకపోవడమైనా ఉండాలి కదా అని. వైషమ్య నైర్ఘృణ్యాలు అన్నారు వాటిని. ఈ సందేహాన్ని అంత పెద్ద గ్రంథంలో ఎక్కించారంటే, అడిగినవాణ్ణి నాస్తికుడని తరిమేయలేదన్నమాట. జవాబుగా శంకరాచార్యులు వానను చూపిస్తారు. వాన అన్ని విత్తనాలకూ ఒకటే, వరి వరిగా యవలు యవలుగా మొలవడం విత్తనంలో ఉన్న తేడా, అట్లాగే ఈశ్వరుడు అందరికీ ఒకటే, తేడా జీవుల కర్మలో ఉంది అని.

చక్కటి పోలికే. కాకపోతే ఆయన మా అనంతపురం వానను చూసి ఉండరు. ఇక్కడ వానే అందరికీ ఒకటి కాదు, గట్టుకు ఇవతల తడి, అవతల పొడి. వేళాకోళం కాదు మాస్టారూ, నా ఇబ్బంది నిజంగా అక్కడే. కర్మ సిద్ధాంతం లెక్క సరిపెడుతుంది, కాదనను. కానీ ఆ లెక్క ప్రకారం ఆటోలో పోయిన ఆ తల్లి ఏదో చేసి ఉండాలి. ఏం చేసిందో ఆమెకు తెలియదు, మీకు తెలియదు, ఎవరూ చెప్పలేరు, తప్పు మాత్రం ఖాయం. కోర్టులో ఇట్లా తీర్పిస్తే ఊరుకుంటామా?

మీ ఇంటికొచ్చి స్వామి దయ అన్నవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. మీరు బతికారన్న సంతోషం వాళ్ళ నోట అట్లా వచ్చింది. ఆ మాట ఆమె ఇంటి గడప దాటి లోపలికి పోతే ఎట్లా వినపడుతుందో వాళ్ళు ఆలోచించి ఉండరు. మీరు ఆలోచించారు, అందుకే అన్నం సయించడం లేదు. మీకు వచ్చింది జబ్బు కాదు.

ఆ రోజు ఆటోలో ఎంతమంది ఎక్కారో మీరు రాయలేదు. ముగ్గురెక్కాల్సిన దాంట్లో పదిమందిని కుక్కే రోడ్డు అది, నేనూ డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ పోయినవాణ్ణే. ఎవరు ఏ వైపు కూర్చున్నారు, లారీ ఏ వైపు తగిలింది, అంతే తేడా. ఈ జవాబుతో మనసు నిండదు, నాకు తెలుసు. వీలైతే ఆమె ఊరు కనుక్కుని ఒకసారి వెళ్ళి రండి. ఆఖరి గంట ఆమె ఏం మాట్లాడిందో, నవ్విందో లేదో, వాళ్ళ ఇంట్లోవాళ్ళకు చెప్పగలిగింది మీరిద్దరే.

ప్రశ్న: మా బావకు పాము కరిస్తే మంత్రం వేయించాం, గంటలో లేచి కూర్చున్నాడు. దీనికేమంటారు? – డోన్

జవాబు: మీ బావ అదృష్టవంతుడంటాను. మన పొలాల్లో తిరిగే పాముల్లో ఎక్కువవాటికి విషమే లేదు. ఉన్నవి కూడా కరిచిన ప్రతిసారీ విషం ఎక్కించవు. అట్లాంటి కాటుకు మంత్రం వేసినా మనిషి లేస్తాడు, చద్దన్నం పెట్టినా లేస్తాడు. పేరు మంత్రానికి వస్తుంది. కాకి వాలడం, తాటిపండు పడడం. అసలు ప్రాణం తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. వీటిలో ఏది కరిచినా విషానికి విరుగుడైన యాంటీవీనం సూదే దిక్కు, అది ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. కట్లపాము మరీ మోసం. రాత్రి కింద పడుకున్నప్పుడు కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కనపడదు, తెల్లవారేసరికి కళ్ళు మూతలు పడతాయి. మంత్రం దగ్గర కూర్చున్న ఆ గంట కట్లపాము కాటుకు అయ్యి ఉంటే మీరు నాకు ఈ ఉత్తరం ఇట్లా రాసేవాళ్ళు కాదు. కోయడం, గట్టిగా కట్టడం వద్దు, కాలు కదపకుండా 108కు ఫోన్ చేయండి.

ప్రశ్న: 2009లో మంత్రాలయం మఠమే నీళ్ళలో మునిగింది. 2021లో సరిగ్గా కార్తీక పౌర్ణమి నాడే చెయ్యేరు ఊళ్ళ మీద పడింది. దేవుడుంటే పండగ రోజే ఎందుకట్లా? మా వీధిలో ఒకాయన ఇదంతా బ్రహ్మంగారు కాలజ్ఞానంలో ఎప్పుడో చెప్పారంటాడు. – డిగ్రీ విద్యార్థిని, రాజంపేట

జవాబు: కార్తీకం అంటే మనకు నవంబరమ్మా. బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచే నెల. మీ కడప వైపు పెద్ద వానలు పడేదే అప్పుడు. అందుకని వరద వస్తే కార్తీక సోమవారమో, పౌర్ణమో, ఏదో ఒక పండగ దగ్గర్లోనే ఉంటుంది. మంత్రాలయం ఉన్నది తుంగభద్ర ఒడ్డున. ఆ ఏడు సెప్టెంబరు చివర్లో ఉత్తర కర్ణాటకలోనూ మన దగ్గరా కుండపోత కురిసి నది పొంగింది, మఠం మునిగింది, అక్టోబరు 2న కర్నూలు మునిగింది. కర్నూలు మరి తుంగభద్ర, హంద్రీ కలిసే చోట ఉంది. నది తన దారిలో ఉన్నది గుడా, గోదామా అని చూడదు.

చెయ్యేరు సంగతి వేరు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, గుండ్లూరు కొట్టుకుపోయాయి. ప్రాజెక్టుకున్న అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి రాజ్యసభలోనే చెప్పారు. గేటు పనిచేస్తుందో లేదో చూసుకోవడం దేవుడి డ్యూటీ కాదు. ఇట్లాంటి చోట విధి, దైవనిర్ణయం అనే మాటలు వింటే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే ఆ మాటలతో హాయిగా ఊపిరి పీల్చుకునేది శవాలు వెతుక్కున్నవాళ్ళు కాదు.

ఇది కొత్తదీ కాదు. ధాత కరువు పేరు మీ ముత్తవ్వ నోట వినే ఉంటావు, 1876లో మొదలైంది. ఎముకలగూళ్ళలాంటి మనుషులతో కర్నూలు, కడప, బళ్ళారి దారులు నిండిపోయిన కాలం. వాన పడలేదు, నిజం. కానీ ధాన్యం మాత్రం దేశం దాటి ఓడల్లో పోతూనే ఉంది. సహాయ పనుల్లో కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దాదాపు అరకిలో, సరిపోతుందని రిచర్డ్ టెంపుల్ అనే దొర తేల్చాడు. ఊళ్ళల్లో జనం అమ్మవారికి కోపమొచ్చిందని జాతర్లు చేశారు. అమ్మవారికి ఓడరేవు ఎక్కడుందో కూడా తెలిసి ఉండదు.

బ్రహ్మంగారి మీద నాకు గౌరవముంది, బనగానపల్లె వెళ్ళినప్పుడు రవ్వలకొండ చూసే వస్తాను. మీ వీధి ఆయన్ని మాత్రం ఈసారి వరదకు ముందు రోజు చెప్పమను.

ప్రశ్న: సార్, మా నాన్న గుండెపోటుతో పోయి ఏడాదైంది. 48 ఏళ్ళు. అమ్మ ఏలినాటి శని అంటుంది. శాంతి చేయించి ఉంటే బతికేవాడని తనను తాను తిట్టుకుంటుంది. ప్రతి శనివారం కసాపురం ఆంజనేయస్వామి దగ్గరికి పోతుంది. నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. శని లేదు, దేవుడూ లేడు, నాన్నది కొలెస్ట్రాల్ అని చెప్తే ఏడుస్తుంది. నిజం చెప్పడం తప్పా? మీరు నాస్తికులేనా? – గుంతకల్లు

జవాబు: రెండో ప్రశ్న వదిలెయ్ నాయనా, రోజును బట్టి ఉంటుంది. మొదటిదానికి ఒక సంగతి చెప్తాను.

నాకొక తమ్ముడుండేవాడు. 1970 వేసవిలో వాంతులూ బేదులూ పట్టుకుని రెండు రోజుల్లో పోయాడు. రెండేళ్ళవాడు. వాడి పుట్టువెంట్రుకలు కదిరి నరసింహస్వామికి ఇస్తానని అమ్మ మొక్కుకుంది. ఆ ఏడు చేను ఎండి చేతిలో డబ్బులు లేక వచ్చే తిరునాళ్ళకు చూద్దామని వాయిదా వేసింది. అందుకే స్వామి వాణ్ణి తీసుకుపోయాడని నమ్మింది. ఆ తర్వాత ప్రతి ఏడూ కదిరి వెళ్ళి తన తలనీలాలు తానే ఇచ్చేది. నలభై ఏళ్ళు. నేను కాలేజీకి వచ్చాక నీలాగే ఎగిరాను, కలరా పురుగుకు మొక్కు తెలుస్తుందా, స్వామికి రెండేళ్ళ పిల్లాడి వెంట్రుకల బాకీ ఏందని. అమ్మ పలికేది కాదు.

తర్వాత ఎప్పుడో ఉద్యోగంలో చేరాక ఒక పుస్తకంలో చదివాను. బేదులు పట్టిన పిల్లలు చచ్చిపోయేది ఒంట్లో నీళ్ళు ఇంకిపోయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బెంగాల్ శరణార్థి శిబిరాల్లో ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించే వేల ప్రాణాలు నిలబెట్టారు. అది చదువుతుంటే నాకు ఆ రెండు రోజులూ కళ్ళ ముందుకొచ్చాయి. వాడు నీళ్ళు నీళ్ళు అని ఏడుస్తుంటే, తాగిస్తే ఇంకా పోతాయని పెద్దవాళ్ళు చెప్పారని, అమ్మ కుండ మీద మూత పెట్టి దాని మీద రోలు పొత్రం పెట్టింది. నేను చూశాను. నాకప్పుడు ఎనిమిదేళ్ళు.

ఆ సెలవుల్లో ఇంటికెళ్ళి చెప్పబోయాను. వాకిట్లో చెనక్కాయలు వొలుస్తోంది. ఏం నాయనా అంది. ఈ ఏడు ధర ఎట్లుంది అని అడిగాను. 2011లో పోయింది. చెప్పలేదు.

అందుకని నీకు సలహా ఇచ్చే అర్హత నాకుందో లేదో తెలియదు. మీ అమ్మ తనను తాను తిట్టుకోవడం మాత్రం ఆపాలి, అది శని మీద వాదిస్తే ఆగదు. నాన్నకు ముందు నుంచే ఛాతీలో మంటగా ఉండేదా, మెట్లెక్కితే ఆయాసం వచ్చేదా, ఇవన్నీ ఆమెకు గుర్తొచ్చే రోజు వస్తుంది. ఆ రోజు నువ్వు పక్కనుండి, అప్పుడు మనకెవరికీ తెలియదు కదమ్మా అనాలి. ఇప్పుడు వాదనలో గెలిచి దూరం జరిగితే ఆ మాట అనడానికి నీకు చోటుండదు. ఇంకొకటి, తండ్రికి యాభై లోపు గుండెపోటు వస్తే కొడుకూ జాగ్రత్తగా ఉండాలి. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ నువ్వూ చూపించుకో, అమ్మకూ చూపించు.

వచ్చే శనివారం కసాపురానికి అమ్మను నువ్వే బండి మీద తీసుకెళ్ళు. లోపలికి పోబుద్ధి కాకపోతే బయట చెప్పుల దగ్గర కూర్చో. హెల్మెట్లు రెండు పట్టుకుపో.